దిబ్బకు పోయిన పొద్దుతిరుగుడు

ఈ సంగతి నేను రాసి పెట్టక తప్పదు. రాయకపోతే ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర టీ అంగట్లో మా బావ చెప్పేదే నిజమైపోతుంది. ఆయన చెప్పేదాంట్లో నేను లైబ్రరీకి పోయి చెడిపోయినవాణ్ణి. జరిగింది దానికి దగ్గరగానే ఉంటుంది గానీ కొంచెం తేడా ఉంది.

మా బావ చాలా ఏళ్ళు ఇంటి వెనకే ట్రాక్టర్ల, లారీల బ్యాటరీలు విప్పి బాగుచేశాడు. ఆయన అంగడి మూసేశాక పెరడు ఖాళీ అయింది. అక్కకు ఒకటే కోరిక, అక్కడ చుక్కకూర, తోటకూర వేసుకోవాలని. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆకుకూర కొనే వండింది మరి. మళ్ళు కట్టి, విత్తనాలు కూడా తెచ్చిపెట్టుకుంది.

నేను నంద్యాల నుంచి పోయి అడ్డం పడ్డాను. బ్యాటరీల్లోని సీసం ఆ మట్టిలోనే ఉంటుందనీ, ఆకుల్లోకి ఎక్కుతుందనీ, మనవరాలికి పప్పులో విషం కలిపి పెట్టినట్టేననీ చెప్పాను. మామూలు మట్టి పరీక్షలో సీసం చూడరు. హైదరాబాదుకు పంపించి, కాగితం తెప్పించి చూపిస్తే గానీ ఆమె నమ్మలేదు.

కొన్ని మొక్కలు మట్టిలోని లోహాలను వేళ్ళతో పీల్చుకుంటాయని నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకంలో చదివి ఉన్నాను. పొద్దుతిరుగుడు వాటిలో ఒకటి. "కూర వద్దని పూలు ఏపిస్తాండావా" అని అక్క మూతి ముడిచింది. అయినా నీళ్ళు పోసింది ఆమే. నేను వారానికోసారి బస్సు దిగి, మొక్కల మధ్య నిలబడి వాటి గొప్పతనం వివరించి పోయేవాణ్ణి.

గింజ కట్టకముందే అన్నిటినీ వేళ్ళతో సహా పీకించాను. పక్కింటి బర్రె ఒక్క ఆకు కూడా తినకుండా కాపలా కాశాను. తర్వాత ఆ మోపులన్నీ నా చేతులతోనే మోసి, పెరటి మూల ఎరువు దిబ్బలో వేశాను. సేద్యం ఇంట్లో పుట్టినవాణ్ణి. పీకిన మొక్క దిబ్బకు, మాగిన దిబ్బ మడికి పోవడం మాకు ఆలోచించి చేసే పని కాదు.

కొన్ని నెలలకు నేను పోయేసరికి అక్క గంప, పార పట్టుకుని దిబ్బ పక్కన నిలబడి ఉంది.

"మొక్క తాగిన విషం యాడికి పోయిండాదిప్పా?"

"మొక్కలోనే ఉంటాదక్కా."

"మొక్క యాడుండాది?"

నేను దిబ్బ వైపు చూశాను. పీకిన మొక్కల్ని ఏం చేయాలో ఆ పుస్తకంలో చివరి అధ్యాయం చెబుతుంది. గడువు అయిపోయిందని అది చదవకుండానే తిరిగిచ్చేశాను.

ఎరువు ఇంకా మళ్ళకు ఎక్కలేదు, అదొక్కటే నయం. ముగ్గురం చేతులకు తొడుగులు వేసుకుని దిబ్బనంతా సంచులకెత్తి, మూతులు కుట్టాం. అలాంటి చెత్త తీసుకుపోయేవాళ్ళు వచ్చేదాకా బావ పాత అంగట్లో పెట్టాం. బావ షట్టర్ దించుతూ, "మూసేసిన అంగడి మళ్ళా తెరిపిచ్చినావు బామ్మర్దీ. సరుకు కూడా నిండుగా ఉండాది" అన్నాడు.

మళ్ళీ లైబ్రరీకి పోయి ఆ అధ్యాయం చదివాను. ఒక్క పంటతో అయ్యేది కాదట, ఏళ్ళు పడుతుందట. అది అక్కకు ఎలా చెప్పాలా అని ఆళ్ళగడ్డ దాకా బస్సులో మాటలు వెతుక్కున్నాను. ఆమె అంతా విని, వేరేచోటి మట్టి తెప్పించి, మేడ మీద సిమెంటు సంచుల్లో చుక్కకూర చల్లుకుంది. కింద పొద్దుతిరుగుడు మూడో పంట నడుస్తోంది.

సాయం చేసినవాళ్ళు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయను. గడువు దాటించే నాకు అదే పుస్తకం మళ్ళీ ఇచ్చిన లైబ్రరీ ఆమెకు, కాగితంలోని అంకెలు విడమరిచి చెప్పిన పరీక్షల ఆయనకు, టీ అంగట్లో నన్ను మరిచిపోనివ్వని బావకు నమస్కారం. అక్కకు రెండు నమస్కారాలు, ప్రశ్నకొకటి. నిన్న ఆమె చుక్కకూర పప్పు పంపింది. డబ్బా మూత మీద కాగితం అంటించి, 'మేడమీదిదే' అని రాసి మరీ పంపింది.