గుబాళింపు మానేసిన పిన్ని

లాండ్రీలో పనిచేసే పిన్ని వీధి మలుపు తిరగకముందే ఆమె వాసన వాళ్ల అక్క ఇంట్లోకి వచ్చి కూర్చునేది. మెషీన్‌లో బట్టలు వేసిన ప్రతిసారీ సెంటు ద్రవం ఓ మూత ఎక్కువే పోసేది. వేళ్లకంటిన చుక్కలు మెడకు రాసుకుని, ఆ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. అక్క కూతురికి పాప పుట్టాక మాత్రం చిక్కొచ్చిపడింది. పిన్ని ఎత్తుకున్నప్పుడల్లా పాప తుమ్ములే తుమ్ములు, బుగ్గల నిండా దద్దుర్లు. "సబ్బుల్లో, సెంట్లలో వాసన కోసం కలిపే మందులు దీనికి పడటం లేదట పిన్నీ. డాక్టరు చెప్పాడు. అవి మానేదాకా నువ్వు ఎత్తుకోకు," అంది అక్క కూతురు. పిన్ని మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది.

మళ్లీ ఆమె వచ్చి వెనక నిలబడ్డా ఎవరికీ తెలియలేదు. "అమ్మో! దయ్యంలా ఎప్పుడొచ్చావే?" అని అక్క ఎగిరిపడింది. వాసన లేని సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, అదే సబ్బుతో ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చిన పిన్ని, ఒంటిమీద ఏమీ లేనట్టు సిగ్గుతో ముడుచుకుపోతోంది. పాపను ఒళ్లో పెట్టారు. పాప ఆమె మెడలో ముక్కు దూర్చింది, మొహం చిట్లించింది, నోరు తెరిచింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు.

ఆవలింత!

పిన్ని పకపకా నవ్వింది. "ఊగకే, పిల్ల జారిపోతుంది!" అని అక్క అరుస్తున్నా నవ్వు ఆగలేదు. చివరికి పాప మాడుకు ముక్కు ఆనించి, పాత అలవాటుగా కళ్లు మూసుకుంది.

"ఒసే అమ్మాయ్, ఈ వాసన సీసాల్లో అమ్మరేమిటే?"