మేడమ్ పెన్నుకు పిడి

మా స్కూల్లో కంప్యూటర్ మీద డిజైన్ నేర్పిన మేడమ్ సోమవారం పొద్దున పోయారు. కబురు అందేసరికి నేను ఢిల్లీలో సాకేత్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటోలో ఉన్నాను. ఆవిడ క్లాసు ఆ రోజూ నన్నే తీసుకోమని ప్రిన్సిపాల్ మెసేజ్ కూడా వెంటనే వచ్చేసింది. నేను చెప్పేది ఫిజిక్స్. ఆవిడ జబ్బుపడ్డప్పటి నుంచీ రెండూ లాక్కొస్తున్నాను. మీలో టీచర్లుంటే అర్థమవుతుంది, ఆ అలసటలో ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

ఆవిడ క్లాసు జరిగేది మేకర్‌స్పేస్‌లో; అంటే మా దగ్గర పాత లైబ్రరీ గది. కొన్ని కంప్యూటర్లు, ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొరగా వస్తువు తయారుచేసే ప్రింటర్ ఒకటి. పిల్లలు తెరమీద బొమ్మను గిరగిరా తిప్పి మురిసిపోతుంటే ఆవిడ నాతో అనేవారు, "తెరమీద అన్నీ ముద్దుగానే ఉంటాయండీ మాస్టారూ. చేతిలోకి రానివ్వండి, అప్పుడు చూద్దాం."

కిందటేడు ఆవిడ వేళ్లు వణకడం మొదలైంది. పెన్ను నిలిచేది కాదు. ఇంకొకరైతే దాచుకునేవారు. ఆవిడ దాన్నే క్లాసుకు పనిగా ఇచ్చారు: నా పెన్నుకు తొడిగే పిడి చేయండి. తెచ్చిన ప్రతి పిడినీ తొడిగి, తన పేరు రాసి చూసి, "జారుతోందిరా" అని తిరిగిచ్చేసేవారు. తెలుగు ముక్క రాని పిల్లలకు కూడా ఆ మాట వచ్చేసింది.

"ఒక్కసారి బాగుందనేయండి మేడమ్, పాపం పిల్లలు," అన్నాను.

"అనేస్తే నా పెన్ను జారడం ఆగిపోద్దా అండీ?" అని నవ్వారు. అప్పుడు నాకు చిరాకేసింది. ఇప్పుడు ఆ మొండితనం కోసమే బెంగగా ఉంది. ఆసుపత్రికి పంపిన పిడికి కూడా ఫోన్లో అదే జవాబు.

సోమవారం క్లాసులో ప్రింటర్ మరో పిడి పూర్తిచేసింది. దాన్ని డిజైన్ చేసిన అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా మేడమ్ బల్లమీది పెన్నుకు తొడిగి నాకిచ్చింది.

"సర్, జారుతోంది?"

రాసి చూశాను. గట్టిగానే ఉంది. బాగుందనేస్తే పనైపోతుంది, వెళ్లి కాసేపు కూర్చోవచ్చు. కానీ నా వేళ్లు వణకవు.

"పతా నహీ, బేటా," తెలీదనే అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను వెనక్కి తీసుకుని, అలవాటు లేని ఎడమచేత్తో వంకరటింకరగా మేడమ్ పేరు రాయడం మొదలుపెట్టింది. రెండో అక్షరం దగ్గర జారింది. పిడి ఊడదీసి, మళ్లీ కంప్యూటర్ ముందుకెళ్లి కూర్చుంది.