వంకర తాటికి వంక పెట్టి

కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. కొనబోయే సరుకును చూసి ముఖం చిట్లించడం మా ఇంట్లో అక్షరాభ్యాసం కంటే ముందు నేర్పే విద్య. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే చిట్లించానట. మా ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

జూలూరుపాడు దాటాక అడవి అంచున, వాగు అవతల నా మిరపచేను. వానలు పడితే అటు చేరడానికి తాటిమాను తొలిచి చేసిన దోనె ఒక్కటే దిక్కు. పాతది చీకిపోయింది. తొలకరి నెత్తిమీదికొచ్చింది.

దోనెలు చెక్కే వడ్రంగిని వెంటబెట్టుకుని నిటారుగా ఉన్న తాటిచెట్లు పది చూపించాను. పదీ కాదన్నాడు. చివరికి కోయగూడెంలో ఒక అవ్వ గుడిసె ముందున్న తాటిచెట్టు దగ్గర ఆగాడు. అది మొదలు భాగంలో పొట్ట వేసుకుని, నడుం దగ్గర వంగి, విందు భోజనం చేసి లేస్తున్న మనిషిలా ఉంది.

"నిటారుది నీళ్ళల్ల దొర్లుతది సేటూ. గీ పొట్ట ఉంటేనే దోనె నిలవడుతది," అని నా చెవిలో అన్నాడు. "తాటికి చేవంతా పైనే. లోపల మెత్తన. తవ్వుడే."

పైకి గట్టి, లోపల మెత్తన. నాకు చుట్టమే అనుకున్నాను.

కావలసింది ఇదేనని తేలింది కనక పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. చెట్టును బియ్యం బస్తాలా చరిచి, "ఏందవ్వా, గిదొక చెట్టా? వంకరది. కల్లు గూడ ఆగిపాయె. పొయ్యిలకు తప్ప దేనికొస్తది?" అన్నాను.

అవ్వ నోట్లోంచి చుట్ట తీసింది. "అవ్, దేనికీ రాదు. పో బిడ్డా."

"ధర చెప్పరాదు."

"పొయ్యిల పెట్టేదానికి ధరేంది? మా ఇంటాయన ముప్పై ఏండ్లు ఎక్కిన చెట్టు. నువ్వు తిట్టినవ్. నేనియ్య."

వడ్రంగి నన్ను పక్కకు లాగాడు. "గిసొంటి పొట్ట ఈ చుట్టుపట్ల ఇంకోటి లేదు. పొగుడు సేటూ."

మా వంశంలో ఎవరూ చేయని పని. గొంతు సవరించుకున్నాను. "పొట్ట... మంచిగనే ఉన్నదవ్వా."

"నాకెందుకు చెప్తవ్? దానికి చెప్పు."

చెట్టువైపు తిరిగి పొట్ట మీద చెయ్యి వేశాను. "మంచిగున్నవ్. నడుం గూడ మంచిగున్నది. తప్పైంది." వడ్రంగి అటు తిరిగి దగ్గుతున్నాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

అవ్వ అప్పుడు ధర చెప్పింది. అలవాటుకొద్దీ నోరు తెరిచాను. వడ్రంగి నా కాలు తొక్కాడు. మూశాను.

ఇప్పుడు వాగు మధ్యలో దోనె కాస్త పక్కకు ఒరిగిందంటే, ఏదో అనబోయి ఆగి, అంచు నిమురుతూ "మంచిగున్నవ్" అంటాను. నాకు ఈత రాదు మరి.