రాణి వేషం నాకెలా దక్కిందంటే

తొంభైల మొదట్లో మదనపల్లెలో చదువుకునేటప్పుడు మా తెలుగు లెక్చరర్ ఒక విషాద నాటకం రాశాడు. అందులో పాళెగాడి భార్య గద్దె కోసం బావగారి పసిబిడ్డకు పాలలో విషం కలుపుతుంది. ఆ తర్వాత పాలగిన్నె చూస్తే చాలు, వణికిపోతుంది. ఆ వేషం నాదేనని పుంగనూరులో మావాళ్లకు ముందే గొప్పలు చెప్పేశాను. లెక్చరర్ దాన్ని నా హాస్టల్ గదిలోనే ఉండే స్నేహితురాలికి ఇచ్చాడు.

ఇవ్వక ఏం చేస్తాడు? ఆమె నడిస్తేనే రాణి. వాళ్ల నాయన బి.కొత్తకోట దగ్గర పల్లెలో టమోటా రైతు. తిరునాళ్లలో వీధినాటకం ఆడితే ఆడవేషం ఆయనదే, కట్టేది భార్య చీరే. కొంగు సర్దుకోవడం, ఏడుపు మింగడం ఆమె ఆయన్ను చూసే నేర్చుకుంది. అలాంటి మనిషికి కూతురు స్టేజీ ఎక్కడమంటే మాత్రం తలకొట్టేసినట్టు. మగవాడు చీర కట్టి ఆడితే భక్తి, ఆడది వేషం కడితే బరితెగింపు! అందుకే ఇంట్లో చెప్పకుండా దాచింది. దాచిన సంగతి నాకొక్కదానికే చెప్పింది.

మార్కెట్‌కు కాయలు తెచ్చినప్పుడల్లా ఆయన హాస్టల్‌కొచ్చి కూతుర్ని చూసి పోయేవాడు. నాటకం వారం రోజులుందనగా వచ్చాడు. ఆమె రిహార్సల్లో ఉంది. నేను నవ్వుతూ ఎదురెళ్లాను.

“మీ పాప రాణేసం ఎంత బాగా కడతాండాదో సూడాల్సిందే అప్పా! రాజేసం పిల్లోడు సెయ్యి పట్టుకునే సీనుకు కాలేజంతా సప్పట్లే.”

ఒక్క అబద్ధం లేదు. అంతా పొగడ్తే. అంత తెలివి నాకు పరీక్షల్లో ఏనాడూ రాలేదు.

“యాడుండాది?” అన్నాడు. చూపించాను. సాయంత్రం బస్సుకు పెట్టెతో సహా తీసుకుపోయాడు. ఆమె చదువు ఆ రోజుతో సరి.

నేను రాణినయ్యాను. ఆమె నడకే నడిచాను, ఆమె ఏడుపే ఏడ్చాను. కప్పు కూడా ఇచ్చారు. స్టేజీ మీద పాలగిన్నె చూసి వణికి చచ్చిన నేను, గదిలో ఆమె ఖాళీ మంచం మీద నా పుస్తకాలు పరుచుకుని హాయిగా చదువుకున్నాను. నాటకంలో మనస్సాక్షి అంకం మారగానే వచ్చేస్తుంది. నాకు మాత్రం ఏళ్లకేళ్లు రాలేదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

పద్దెనిమిదేళ్ల తర్వాత కుప్పం జూనియర్ కాలేజీలో నేనూ లెక్చరర్‌నే. విషాద నాటకంలో స్త్రీ పాత్ర పశ్చాత్తాపం గురించి పిల్లలచేత పది మార్కుల జవాబు రాయిస్తున్నాను. మా వార్షికోత్సవ నాటకానికి ఎంపికైన పిల్ల, అనుమతి కాగితం మీద సంతకానికి తల్లిని పిలుచుకొచ్చింది. ఆమే. కుప్పానికే కోడలై వచ్చిందట.

నన్ను చూసి రెండు చేతులూ పట్టుకుంది. “మే, ఆ పొద్దు పొగడాలనే ఆత్రంలో నువ్వు నోరు జారినావు. నాకు తెలీదా? నేను బాగా సేస్తానని మా నాయనకు సెప్పింది నువ్వొక్కదానివే. ఆ మాట తల్సుకొనే ఇన్నేండ్లు బతికినా.” కూతుర్ని నా ముందుకు తోసింది. “దీనికి నువ్వే నేర్పియ్యి. ఇంకెవురి సేతిలోనూ పెట్టను.”

నిజం చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఆమెకున్న ఆ ఒక్క మాట కూడా పోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ బూటకమే. పోయేది నా పరువు.

“సరేలే మే, నేను సూసుకుంటా” అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని నన్నే అడిగింది.