మిరుగం దాకా ఆగని గింజ

నిజామాబాద్‌లో బీడీలు చుట్టే అనసూయమ్మ ఇంటి కిటికీకి మన్ను లేని మొక్క ఒకటి వేలాడేది. బోధన్‌లో ఒక చక్కెర ఫ్యాక్టరీ అతిథిగృహానికి మాలిగా పనిచేసిన ఆమె భర్త లింగం ఎప్పుడో తెచ్చి తీగతో కట్టాడు. దాని పుట్టిల్లు సముద్రాల అవతలి అడవి. అక్కడ మబ్బులు కొమ్మల్లో చిక్కుకుంటాయట, ఈ మొక్కలు ఆ కొమ్మల మీదే కూర్చుని ఆకులతో తేమ తాగుతాయట.

లింగం పోయి ఆరేళ్లు. నిరుడు మొక్క జన్మకొక్కసారి పూసే పువ్వు పూసి, ఎండటం మొదలుపెట్టింది. చెరకు మోడులా పక్కన పిలక వేస్తుందని ఆమె ఎదురుచూసింది. వేయలేదు. మాఘంలో కాయ పగిలి, జిల్లేడు దూదిలాంటి నూగుతో గింజలు బయటపడ్డాయి. లింగం చేతి మొక్కకు ఇక మిగిలింది అవే.

వాటిని బూడిదలో కలిపి మూటగట్టింది, మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, విత్తుదామని. వాళ్ల ఇళ్లల్లో ఏ గింజైనా తొలకరి దాకా బూడిదలో నిద్రపోవాల్సిందే. ఎడారి కోటలో దొరికిన ఖర్జూర గింజ రెండు వేల ఏళ్లకు మొలిచిందట. ఈ నూగు గింజ మన ఎండాకాలం ఒక్కటి దాటలేనిది.

డిచ్‌పల్లిలో తోటపని చేసే ఆమె తమ్ముడు భూమేష్ మూట చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇది జొన్న గాదు. దీనికి మన్నొద్దు, మిరుగమొద్దు. ఎలుతురు, తడి ఉంటే సాలు. ఇప్పుడెయ్యకుంటే సస్తది."

"మిరుగం రాకముందే గింజేస్తే నవ్వుతరురా."

"కిటికీకి ఏలాడేదానికి పంచాంగమేందే?"

వాదులాడి వాదులాడి సగం సగం పంచుకున్నారు. తునికాకు మెత్తబడటానికి ఆమె తడిపే గోనెపట్టా ఒకటి తీసుకుని, భూమేష్ తన సగాన్ని బూడిద ఊది దానికే అంటించి, కిటికీకి కట్టాడు. ఆకు తడిపినప్పుడల్లా దీని మీదా నాలుగు చుక్కలు చల్లమన్నాడు.

రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం, బీడీ చుడుతూనే ఆమెకు కునుకు పట్టింది. ఆ కునుకులో గదంతా నీటి అడుగున ఉన్నట్టు పచ్చగా ఊగింది. కళ్లు తెరిస్తే గోనె పోగుల మీద నిజంగానే పచ్చదనం, ఆవగింజ కంటే చిన్న చుక్కలు. ఊపిరి తగులుతుందేమోనని మొహం పక్కకు తిప్పుకుంది.

మిరుగం నాడు తన సగాన్ని పద్ధతిగా కుండీలో నాటింది. ఒక్కటీ మొలవలేదు. గోనె మీది పిల్లమొక్కలు పూతకు రావాలంటే పదేళ్లయినా పడుతుందని చెబుతూ, ఆ ఉత్త కుండీకి ఇంకా నీళ్లెందుకని అడిగాడు భూమేష్.

"మీ బావ గూడ పొద్దెక్కేదాంక లేసెటోడు గాదు," అంది ఆమె చెంబు వంచుతూ. "జర సూద్దాం."