ఇరవై గజాల వైరు చుట్ట

లెక్క మాత్రం తప్పలేదు, ముందే చెబుతున్నాను. ఇల్లు కాలిపోనందుకు సంతోషించండి, నవ్వడం తర్వాత!

మాది వరంగల్ కొత్తవాడ. నాయిన జంపఖానాలు నేస్తాడు. మొన్న మడికొండ బడి వాళ్ళు వార్షికోత్సవానికి పెద్దలు కూర్చునేలా తొమ్మిదడుగుల వెడల్పుది ఒకటి చెప్పారు. ఎరుపు, నీలం చారలు. ఎర్ర నూలంతటికీ నాయిన ఒకే గంగాళంలో, ఒకేసారి రంగు వేశాడు. "మళ్ళ గిసొంటి ఎరుపు నాతోని గాదురా" అని తనే మురిసిపోయాడు.

ఇక నీలం రంగుకు నీళ్ళు కాగాలి. కట్టెల పొయ్యి ముందు అమ్మ దగ్గుతోంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నవాణ్ణి, చూస్తూ ఊరుకుంటానా? హీటరు తెచ్చాను. ముందుగదిలోని ప్లగ్గు నుంచి పెరట్లోకి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాను.

"మంటలొస్తయేమోరా" అంది అమ్మ.

"లెక్కుందే అమ్మా! పదిహేను వందల వాట్లను రెండు వందల ముప్ఫైతోని భాగిస్తె ఆరున్నర ఆంపియర్లు. ఈ వైరు పది దాక మోస్తది. ఫికర్ చెయ్యకు."

పెరటికి పది గజాలు చాలు. నేను కొన్నది ముప్ఫై, రేపు మగ్గాల షెడ్డుకూ పనికొస్తుందని. మిగిలిన ఇరవై గజాలు ఏం చేయాలి? నేతవాళ్ళ ఇంట్లో పోగు చిందరవందరగా పడి ఉంటే మహాపాపం. కండె చుట్టడం మాటలకన్నా ముందు వచ్చిన చేతులివి. నూలు చుట్టే చెక్క రీలు మీద వరస తప్పకుండా, బిగించి చుట్టాను. ఎంత ముచ్చటగా కుదిరిందో! తడి నేల మీద వైరు ఉంచకూడదని క్లాసులో చెప్పారు. అందుకే పొడి చోటు వెతికి మరీ పెట్టాను. ఎక్కడనుకున్నారు? ముందుగదిలో ఆరిన ఎర్ర నూలు కట్టల మీద.

గంట దాటింది. నీళ్ళు మరుగుతున్నాయి, నేను పొంగిపోతున్నాను.

"ఒరేయ్, ఏందో మాడుతాంది, జర చూడు" అంది అమ్మ.

"పక్కింట్ల కూర గావచ్చే. మన ఫ్యూజు పోలే గదా!"

ఫ్యూజు పోకపోవడమే నాకు పెద్ద సర్టిఫికెట్. ఇంతలో ముందుగదిలోంచి నాయిన కేక! పరుగెత్తాను. గదినిండా పొగ. రీలు మీది వైరు కరిగి నల్లటి ముద్దయింది. కింద నూలు అంటుకుంది. అమ్మ బిందె ఎత్తింది.

"ఆగే! ఇప్పుడే నీళ్ళు పొయ్యకు, షాక్ కొడ్తది!"

మెయిన్ తీశాకే పోశాం. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మా వాడకట్టు వైర్‌మన్ సారయ్య మామ వచ్చి ఆ ముద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లెక్క కరెక్టే అల్లుడా, కాకపోతె పరిచిన వైరుకు. గిట్ల బిగిచ్చి చుడితె లోపటి వేడి యాడికి పోవాలె? కరెంటు ఎక్కువ గుంజలే, ఫ్యూజెందుకు పోతది? వైరంత ఇప్పి పరిచినంకనే స్విచ్చెయ్యాలె. గీ ముక్క మీ క్లాసుల చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. పాఠం వినకుండా తర్వాతి లెక్కలు ముందే చేసేసే అలవాటు నాది.

నాయిన తిట్టినా బాగుండేది. కాలిన కట్టలు పక్కకు తీసి, మిగిలినవి చేత్తో తూచి చూసి, "ఎరుపు జానెడు తక్కువైతది" అన్నాడంతే. మళ్ళీ మూడుసార్లు రంగు కలిపాడు. ఆ ఎరుపు రాలేదు. చివరికి కుంకుమ పక్కన ఇటుక పొడి పోసినట్టు, అంచున తొమ్మిదడుగుల వెడల్పునా జానెడు చార వేరే రంగులో వచ్చింది.

వార్షికోత్సవం రోజు పరిచాక హెడ్మాస్టరు గారు వంగి చూశారు. "అంచు వేరేగా ఉందేమిటయ్యా?"

"కొత్త డిజైన్ సార్. మా పెద్దోడు జేసిండు" అన్నాడు నాయిన, నా వైపు చూడకుండా.

భూమి చీలితే బాగుండు అనిపించింది. చీలలేదు. అందుకని సభ అయ్యేదాకా ఆ చార మీదే మఠం వేసుకుని కూర్చున్నాను. నేను కప్పగలిగింది అడుగున్నర. మిగతా ఏడున్నర అడుగులూ మడికొండంతా చూసింది.