ఆకాశం నుంచి నరికిన జీడితోట

గొడ్డలి ముట్టకుండా, ఉపగ్రహం సాయంతో సొంత చిన్నాన్న జీడితోట నరికించిన ఘనుడు మా ఉద్దానం మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. నవ్వాలనుకున్నవాళ్ళు ముందే నవ్వేసుకోండి, చివర్లో కుదరకపోవచ్చు.

సెల్‌ఫోన్లు ఇంకా మా ఊరు చేరని రోజులవి. ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్పుతారంటే విశాఖపట్నం వెళ్ళి శిక్షణలో చేరాను. వారం తిరగకముందే నేను భూమ్మీద నడవడం మానేశాను. శనివారం రంగుల పాఠం. నాకు రంగులు తెలియవా ఏమిటి? పాఠం ఎగ్గొట్టి, మా తీరం చిత్రమొకటి అచ్చు తీయించుకుని పలాస బండెక్కేశాను.

ఆ ఏడు మంచుకి జీడిపూత మాడిపోయి చిన్నాన్న దిగులుగా ఉన్నాడు. కాగితం చేతికిచ్చాను.

"ఏట్రా ఇది, నెత్తురు ఒలికినట్టున్నాది?"

"మన ఉద్దానమే సిన్నాన్నా. ఆకాశంలోంచి తీసినాది."

"మన తోటేది?"

భావనపాడు రేవు దగ్గర్నుంచి వేలు పైకి జరిపి నాలుగు చుక్కలు చూపించాను. అరెకరమంటే ఆ చిత్రంలో అంతే. చుట్టూ ఉన్న ఎరుపులో అవే మరీ ఎర్రగా ఉన్నాయి.

"ఎరుపంటే ఏటి?"

ఇక్కడ 'తెలియదు' అనాలి. నాలుగంటే నాలుగక్షరాలు. పరువు అడ్డొచ్చింది.

"తెగులు," అన్నాను. "ముదిరిపోనాది. ఉంచితే ఊరంతా అంటుకుంటాది."

చిన్నాన్న కాగితం మళ్ళీ నా ముందుకు జరిపాడు. "పోయిన మీ పిన్ని బిందెలతో నీల్లు మోసి పెంచినాదిరా. మరొక్కపాలి సూడు."

మరొక్కసారి చూసినట్టు నటించి, డాక్టరులా తల అడ్డంగా ఊపాను. నన్ను తిట్టుకోవడానికి ఇదే సరైన చోటు.

సోమవారం మధ్యాహ్నం, నేను తిరిగి విశాఖపట్నం చేరాక, మాస్టారు శనివారం రానివాళ్ళ కోసం మళ్ళీ చెప్పారు. "ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనబడని కాంతిని ఎక్కువగా తిప్పికొడుతుంది. ఆ కాంతికి ఇక్కడ మనం ఎరుపు వేస్తాం. చిత్రంలో ఎంత ఎరుపో నేలమీద అంత పచ్చదనం."

ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాను. ఊళ్ళో కిరాణా కొట్టుకి ఫోన్ చేస్తే చిన్నాన్నని పిలుచుకొచ్చారు.

"సిన్నాన్నా, తోట ముట్టుకోకు."

"పొద్దున్నే కొట్టించేసినాన్రా. ఊరికి అంటుకుంటాదని నువ్వే కదా సెప్పినావు."

ఏడుస్తూ ఎరుపు సంగతి చెప్పాను. తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది.

"అయితే," అన్నాడు నెమ్మదిగా, "ఆకాశంలోంచి సూత్తే మీ పిన్ని సెట్లే అన్నిట్లోకీ బాగున్నాయన్నమాట."

"అవును సిన్నాన్నా."

"ఆ కాయితం పారెయ్యలేదులే," అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడది అద్దం బిగించుకుని పిన్ని ఫొటో పక్కన వేలాడుతోంది. ఇంటికెవరొచ్చినా చిన్నాన్న నన్ను పిలుస్తాడు. "ఒరే, ఎరుపంటే ఏటో ఈల్లకి సెప్పు."

అందుకే సకల ఉపగ్రహాల సాక్షిగా శపథం పట్టాను. ఇకపై ఏ శనివారం పాఠమూ ఎగ్గొట్టను. ఆ నాలుగక్షరాలు ఎప్పుడూ మింగను. ఎవరేమడిగినా, తెలియకపోతే తెలియదనే అంటాను. తెలిసిన ఆ ఒక్క ఎరుపు గురించి చెప్పేటప్పుడే, ఇప్పటికీ పిన్ని ఫొటో వైపు చూడలేను.